గర్జనలోయ వంతెన మీద తగవు

తూర్పు కొండల మీద బారెడు పొద్దెక్కేసరికి గర్జనలోయ కరిగిన బంగారంలో ముంచి తీసినట్టు మెరిసిపోతోంది. మణిశృంగ రాజ్యాన్ని నిట్టనిలువునా రెండుగా చీల్చిన లోయ అది. ఇరువైపులా కత్తితో కోసినట్టున్న ఎర్రరాతి గోడలు. ఆ గోడల పగుళ్ళలోంచి గుత్తులుగా వేలాడే అడవిమల్లె తీగెలు. అట్టడుగున బండల మీద విరుచుకుపడుతూ తెల్లని నురగలు కక్కే గర్జినీ నది. నీటితుంపరల్లో విరిసిన ఇంద్రధనుస్సు ఈ గట్టుకూ ఆ గట్టుకూ తోరణం కట్టినట్టుంది. ఆ తోరణం కింద, బొటనవేలంత లావు తీగెలతో పేనిన ఊగుడు వంతెన గాలికి కిర్రుకిర్రుమంటోంది.

ఆ అందాన్ని కన్నెత్తి చూసేవాడు ఒక్కడూ లేడు. తూర్పుగట్టు మీద ఇంద్రకేతుడి సైన్యం, పడమటిగట్టు మీద వజ్రబాహుడి సైన్యం కత్తులు నూరుకుంటున్నాయి. మిట్టమధ్యాహ్నం శంఖం మోగగానే ఎగువనున్న రేవు దాటి ఒకరి మీద ఒకరు పడాలి. ఇంద్రకేతుడు అన్న, వజ్రబాహుడు తమ్ముడు. ఒక తల్లి కడుపున పుట్టి, ఒక పళ్ళెంలో తిని పెరిగినవాళ్ళు. తండ్రి పోయిన ఏడాదిలోపే రాజ్యాన్ని లోయ దగ్గర పంచుకున్నారు. ఇప్పుడు తల్లి కనిపించకుండా పోయింది. తమ్ముడే దాచాడని అన్న, అన్నే చెరలో పెట్టాడని తమ్ముడు పళ్ళు నూరుతున్నారు.

వంతెన నడిమధ్యన, ఇనుపటోపీ ముఖం మీదికి లాక్కుని, భుజాన గండ్రగొడ్డలితో ఒక సైనికుడు నిలబడి ఉన్నాడు. నిజానికి సైనికుడు కాదు. ఇంద్రకేతుడికి చెల్లెలు, వజ్రబాహుడికి అక్క, దూరాన సముద్రతీర రాజ్యానికి కోడలుగా వెళ్ళిన వకుళమాల.

వకుళమాల ఒంట్లో రక్తం కుతకుతలాడుతోంది. తల్లి జాడ వెతుకుతూ నెలరోజులుగా ఆమె ఈ మారువేషంలో అన్నగారి శిబిరంలోనే తిరుగుతోంది. నిన్న సాయంకాలం రాజగురువు సుముఖుడి గుడారం పక్కగా వెళుతుంటే లోపల వజ్రబాహుడి గొంతు వినిపించింది. వెంటనే తల్లి ఏడుపు, ఆ వెనక ఇంద్రకేతుడి గర్జన. ఉలిక్కిపడి తెర సందులోంచి చూస్తే లోపల ఉన్నది గురువు ఒక్కడే. ముందు కపాలం పెట్టుకుని, ఒక గొంతు తరవాత ఒక గొంతు మార్చి మార్చి సాధన చేస్తున్నాడు! ఇన్నాళ్ళూ అన్నదమ్ముల మధ్య మాటలు మోసిన పెద్దమనిషి కరాళజటి అనే మాంత్రికుడని, అతడు కపాలంతో గొణిగిన మాటల వల్ల ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ మాటల వల్లే ఇంకొకటి కూడా తెలిసింది. తల్లి అతని చెరలోనే, ధూమగిరి మీద ఉంది.

ఈ మాట చెప్తే ఇద్దరిలో ఎవరు నమ్ముతారు? అన్నకు గురువంటే దేవుడు. తమ్ముడికి అన్న శిబిరం నుంచి వచ్చే ప్రతి మాటా విషం. అందుకని వకుళమాల ఒక అబద్ధం ఆడింది. తెల్లవారగానే ఇంద్రకేతుడి దగ్గరికి వెళ్ళి, "ప్రభూ, మీ తమ్ముడు లొంగిపోతానంటున్నాడు. వంతెన మధ్యకు మీరొక్కరే రావాలట" అని చెప్పింది. వంతెన దాటి వజ్రబాహుడి దగ్గర అదే మాట తిరగేసి చెప్పింది.

ఇద్దరూ వస్తున్నారు.

తూర్పు నుంచి ఇంద్రకేతుడు, మీసం దువ్వుకుంటూ, పట్టాభిషేకానికి నడిచినట్టు. పడమటి నుంచి వజ్రబాహుడు, వీపున డాలు, ముఖాన వెటకారం. వంతెన నడుమ ఎదురుబొదురుగా నిలబడి ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు:

"కత్తి కింద పెట్టు!"

ఇద్దరి ముఖాలూ ఒక్కసారే నల్లబడ్డాయి.

"నువ్వు కదా లొంగిపోతానన్నది!" అన్నాడు ఇంద్రకేతుడు.

"నేనా? నీకా? నా శవం లొంగదు నీకు!" అని వజ్రబాహుడు ఒర నుంచి కత్తి సర్రున లాగాడు.

వకుళమాల కాలికి చుట్టుకున్న సన్నతాడును బలంగా లాగింది. తెల్లవారకముందే ఆమె రెండు కొసల్లోనూ పలకల కట్లు కోసి ఈ తాటికి ముడివేసి ఉంచింది. పలకలు టపటపా ఊడి, గింగిరాలు తిరుగుతూ లోయలోకి రాలిపోయాయి. ముందుకు రావడానికి సైన్యాలకు దారి లేదు, వెనక్కి పోవడానికి అన్నదమ్ములకు దారి లేదు. అప్పుడామె ఇనుపటోపీ తీసి లోయలోకి విసిరికొట్టింది. తలపాగా కింద నుంచి జడ జారి వీపున పడింది.

"అక్కా!"

"వకుళా! నువ్వా? ఇదేం పని?"

"ఎవరైనా నోరెత్తితే నరికేస్తాను!" అని గొడ్డలి ఎత్తింది. "మిమ్మల్ని కాదు, ఈ తాళ్ళను. ముగ్గురం కలిసి చద్దాం. పీడ విరగడవుతుంది రాజ్యానికి. అన్నా, ముందు నువ్వు అడుగు. తమ్ముణ్ణి ఏమడగాలనుకున్నావో ముఖాముఖి అడుగు."

ఇంద్రకేతుడు పళ్ళు పటపటలాడిస్తూ తమ్ముడికేసి చూశాడు. "అమ్మను ఎక్కడ దాచావురా?"

వజ్రబాహుడు తెల్లబోయాడు. "నేనా దాచింది? నీ చెరసాలలో లేదూ? అమ్మ ఏడుపు నా చెవులతో విన్నాను. సుముఖుడు తన మంత్రదర్పణంలోంచి వినిపించాడు" అన్నాడు.

"నాకూ సుముఖుడే వినిపించాడు..."

వకుళమాల తాను చూసిందంతా చెప్పింది. ఇద్దరూ తూర్పుగట్టు వైపు తలలు తిప్పారు. అక్కడ రాజగురువు దండం పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాడు. అంత దూరం నుంచి కూడా అతని ముఖంలో నెత్తురుచుక్క లేదని తెలుస్తోంది.

గురువు అబద్ధం అక్కడితో తునిగిపోయింది. ఇక కత్తులు దిగుతాయి, అన్నదమ్ములు కావలించుకుంటారు అనుకుంది వకుళమాల. కానీ వజ్రబాహుడి కత్తి అంగుళం కూడా కిందికి దిగలేదు.

"సరే, గురువు దొంగ, ఒప్పుకున్నాను" అన్నాడతను. "మరి నాయన చితికి నిప్పు పెట్టింది కూడా గురువేనా? ఆ చెయ్యి ఎవరిదిరా?"

"అరే తురే అంటే నాలుక చీరేస్తాను!"

కత్తులు ఖణేల్‌మని కలుసుకున్నాయి. నిప్పురవ్వలు రాలాయి. పలకలు కాళ్ళకింద ఎగిరెగిరి పడ్డాయి. రెండు గట్ల మీదా సైనికులు హాహాకారాలు చేశారు. ఒకరి దెబ్బ ఒకరు కాచుకుంటూ, బూతులు తిట్టుకుంటూ, అక్క అడ్డం వస్తే అక్కను తోసేస్తూ అడవిపందుల్లా కుమ్ముకుంటున్నారు. వకుళమాలకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాంత్రికుడు పోసింది నూనె మాత్రమే, కట్టెలు పేర్చుకున్నది వీళ్ళే!

గొడ్డలి గాలిలో మెరిసింది. కుడివైపు చేతితాడు ఫట్‌మని తెగింది. వంతెన ఒక పక్కకు ఒరిగిపోయింది. అన్నదమ్ములిద్దరూ జర్రున జారి, ఎడమతాడును చేతులతో కరుచుకుని వేలాడారు. ఇంద్రకేతుడి కత్తి చెయ్యి జారి, నీళ్ళలో పడిన చప్పుడు కూడా వినిపించనంత లోతుకు వెళ్ళిపోయింది.

"ఇంకో దెబ్బ వేయమంటారా?" అని అరిచింది వకుళమాల. "వేస్తాను! నాకు చేతులు వణకవు! చిన్నప్పుడు మీరు కొట్టుకుంటే అమ్మ ఏం చేసేది? అన్న బాధ తమ్ముడి నోట, తమ్ముడి బాధ అన్న నోట చెప్పించేది. సరిగ్గా చెప్పేదాకా ఇద్దరికీ అన్నం పెట్టేది కాదు. ఇవాళ అన్నం కాదు, ప్రాణమే పోతుంది. వజ్రా, ముందు నువ్వు. అన్నా, నువ్వు వాడి మాట మధ్యలో దూరితే ఈ తాడు ఉండదు."

వజ్రబాహుడు ఒక చేత తాడు, ఒక చేత కత్తి పట్టుకుని లేచి నిలబడ్డాడు. కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి.

"సరిహద్దులో ఉన్నాను. నాయనకు జబ్బు ముదిరిందని కబురొచ్చింది. రాత్రనక పగలనక గుర్రం దిగకుండా వచ్చాను. కోటవాకిట్లో గుర్రం నురగలు కక్కి చచ్చింది. శ్మశానానికి పరుగెత్తితే ఏముంది? బూడిద! వేడిగా ఉందక్కా ఇంకా. చేత్తో పట్టుకుంటే కాలింది. ఒక్క పూట... ఒక్క పూట ఆగలేదు వీడు. నాయన ముఖం చూడనివ్వలేదు."

"చెప్పు" అంది వకుళమాల అన్నతో.

"ఏం చెప్పాలి? ఊరేగింపుగా ఆలస్యంగా వచ్చి, తప్పు నా నెత్తిన..."

గొడ్డలి తాటి మీద ఆనింది. ఒక పోగు తెగి పైకి లేచింది.

"వాడు అన్నది చెప్పు! నీకు తోచింది కాదు!"

ఇంద్రకేతుడు ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నట్టు చెప్పాడు. "గుర్రం దిగకుండా వచ్చాడు. గుర్రం చచ్చిపోయింది. బూడిద వేడిగా ఉంది. నాయన ముఖం..." తమ్ముడి వైపు తిరిగాడు. "నాయన ముఖం చూడనివ్వలేదు. నేను."

"ఇప్పుడు నీది చెప్పు."

అంతే, కట్ట తెగినట్టయింది. మెడనరాలు ఉబ్బేలా అరిచాడు ఇంద్రకేతుడు. "నాదా? నాది వినే ఓపిక ఎవడికుంది? మంచాన పడ్డ మనిషికి ముద్ద కలిపి నోట్లో పెట్టింది నేను! పక్క మార్చింది నేను, వీపున పుళ్ళు కడిగింది నేను! వీడు సరిహద్దులో విజయధ్వజాలు ఎగరేస్తుంటే నేను ఆ గదిలో కషాయాల కంపులో కూర్చున్నాను. నాయన కళ్ళు తెరిచినప్పుడల్లా అడిగేది ఏమిటో తెలుసా? వజ్రబాహు వచ్చాడా? నా చేతి నీళ్ళు తాగుతూ వీడి పేరు పిలిచేవాడు! చివరికి నిప్పయినా నా ఒక్కడిదే కావాలనుకున్నాను. ఆగగలిగీ ఆగలేదు. విన్నావా? పురోహితులు ఆగుదామన్నారు. నేనే వద్దన్నాను! ఇప్పుడు పొడుస్తావా? పొడువు!"

లోయంతా ఆ కేక మారుమోగింది. వజ్రబాహుడి కత్తి అన్న గుండెకు బెత్తెడు దూరంలోకి లేచింది.

"చెప్పు వజ్రా" అంది వకుళమాల.

"చెప్పను."

"చెప్పు!"

"ముద్ద కలిపి పెట్టాడు" అన్నాడు వజ్రబాహుడు పళ్ళ మధ్యనుంచి. "పుళ్ళు కడిగాడు. నాయన... నాయన నా పేరు పిలిచాడు." కత్తి కొద్దిగా దిగింది. "ఒరే, ఈ మాట నాకు ముందే చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? నా పేరు పిలిచాడని ఒక్క మాట! నన్ను తలుచుకోకుండానే పోయాడని ఇన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి చచ్చాను కదరా! కబురు పంపినవాడివి ఆ ముక్క కూడా..."

"కబురు!" అని వకుళమాల మధ్యలో అందుకుంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నీకు కబురొచ్చింది. నాకెవడు పంపాడురా కబురు? ముత్యాలు అమ్ముకునే వర్తకుడు మా కోటకొచ్చి, 'అమ్మా, మణిశృంగ మహారాజు పోయారటగా' అని మాటవరసకు చెబితే తెలిసింది నాకు, మా నాయన లేడని! అప్పటికి రెండు నెలలు దాటింది. మా అత్తగారు, 'నీకు పుట్టింట్లో విలువ ఇంతేనా' అని అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీకు చచ్చిన గుర్రం ఉంది, అన్నకు పుళ్ళు కడిగిన చేతులున్నాయి. నాకేముంది?"

ఇంద్రకేతుడు తమ్ముడి వంక చూశాడు. "నువ్వు పంపలేదా?"

"పెద్దవాడివి, నువ్వు పంపావనుకున్నాను."

"నువ్వు పంపుంటావని నేను..."

ఇద్దరూ తలలు దించుకున్నారు. ఇంతసేపట్లో అన్నదమ్ములిద్దరూ ఒకే పక్కన నిలబడింది అదే మొదటిసారి.

"తగవు తీర్చడానికి వచ్చాను నేను" అంది వకుళమాల గొడ్డలి పిడి బిగించి. "నా తగవు ఎవరు తీరుస్తారు? నాకు జవాబు కావాలి. ఇద్దరూ కలిసి చెప్పాలి. ఇప్పుడు కాదు, అమ్మ ముందు!"

సరిగ్గా అప్పుడే ఆకాశం పగిలినట్టు ఒక గొంతు లోయ మీద విరుచుకుపడింది. "విలుకాండ్రారా! నన్ను చుట్టుముట్టారు! వంతెన మీదికి బాణాలు వదలండి!" అది ఇంద్రకేతుడి గొంతు. కానీ ఇంద్రకేతుడి పెదవి కదల్లేదు. పడమటిగట్టు మీద అదే క్షణాన వజ్రబాహుడి గొంతు గర్జించింది. "వేయండి బాణాలు!"

"ఆపండి! అది నేను కాదు!" అని అన్న అరిచాడు. తమ్ముడు అరిచాడు. మాయగొంతుల ముందు నిజమైన గొంతులు చీమకూతల్లా వినపడలేదు. రెండు వైపుల నుంచీ బాణాలు మిడతలదండులా లేచాయి. ఉన్నది ఒక్క డాలు. వజ్రబాహుడు కత్తి వదిలేసి, వీపు మీది డాలు లాగి అక్కను దాని కిందికి తోసి, క్షణం ఆలోచించకుండా అన్న మెడ పట్టుకుని అదే డాలు కిందికి ఈడ్చాడు. టకటకా, టకటకా బాణాలు దిగబడ్డాయి. ఒకటి ఇంద్రకేతుడి ఎడమ భుజంలోకి దూసుకుపోయింది.

"అబ్బా!"

"కదలకు, తలకాయ బయట పెట్టకు! ఏనాడు నా మాట విన్నావు గనక!" అని కసిరాడు వజ్రబాహుడు.

తూర్పుగట్టు మీద నల్లని పొగ సుడులు తిరుగుతూ లేచింది. రాజగురువు వేషం ఆ పొగలో కుబుసంలా ఊడిపోయింది. పొగను చీల్చుకుంటూ ఏనుగంత రాబందు ఒకటి పైకి లేచింది. బోడి మెడ చుట్టూ జటలు, రాగిరంగు ముక్కు, చేటలంత గోళ్ళు. రెక్క విదిలిస్తే సైనికుల గుడారాలు ఎగిరిపోయాయి. బాణాలు వేస్తున్నవాళ్ళు విల్లులు పారేసి పరుగులు తీశారు.

"కరాళజటి!" అంది వకుళమాల.

రాబందు సర్రున వంతెన పడమటి కొస మీద వాలి, ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. మిగిలిన తాళ్ళు పుటుక్కుమని తెగిపోయాయి. వంతెన కొరడాలా గాలిలో లేచి తూర్పు రాతిగోడకేసి ముగ్గురినీ విసిరికొట్టింది. ఎముకలు కదిలిపోయినంత దెబ్బ. వకుళమాల గొడ్డలిని రాతిపగులులో దిగేసి ఆగింది. ఆమెకు పైన వజ్రబాహుడు పలకల మధ్య కాలు ఇరికించి తలకిందులుగా వేలాడుతున్నాడు. అతని చేతిలో అన్న కుడిచెయ్యి ఉంది. ఇంద్రకేతుడు లోయ మీద గాలిలో ఊగుతున్నాడు. అన్న బరువుకు తమ్ముడి భుజం కీలు తప్పేలా ఉంది.

రాబందు చుట్టు తిరిగి మళ్ళీ వస్తోంది. ఈసారి తూర్పు కొస కూడా తెంచేస్తుంది.

"వజ్రా, నన్ను వదిలెయ్యి" అన్నాడు ఇంద్రకేతుడు. "ఇద్దరం ఎందుకు? అక్కను తీసుకుని పైకి ఎక్కు."

"మళ్ళీ నువ్వే తేలుస్తావా? నన్ను అడగకుండా?" అని వజ్రబాహుడు లోయ అదిరేలా అరిచాడు. "నోరు మూసుకుని పట్టుకో!"

వకుళమాల తెగిన చేతితాడు కోసం పైకి చూసింది. రెండు కొసలూ తెగిన దాని ముక్క తమ్ముడి పక్కనే పలకలకు చిక్కుకుని పాములా వేలాడుతోంది. "వజ్రా, ఆ తాడుకు ఉచ్చు వెయ్యి! కొస నీ నడుముకు కట్టుకో! ఆ రాబందు పోయేది ధూమగిరికే. అమ్మ ఉన్న చోటికే!"

వజ్రబాహుడు ఖాళీగా ఉన్న చేత్తోనూ పళ్ళతోనూ ఉచ్చు బిగించి, కొస నడుముకు ముడివేశాడు. వకుళమాల గొడ్డలి పీకి నడుమున దోపుకుని, పలకలు పట్టుకుని చరచరా పాకి వచ్చి, తలపాగా విప్పి అన్నదమ్ముల మణికట్లను కలిపి గట్టిగా కట్టింది. రాబందు రెక్కలగాలి ముఖాలకు కొట్టింది. కుళ్ళిన మాంసం వాసన వేసింది. రాగిముక్కు వంతెన తాటి మీదికి దిగుతుండగా వజ్రబాహుడు ఉచ్చు విసిరాడు. ఉచ్చు జటల మీదుగా జారి బోడిమెడకు బిగుసుకుంది.

రాబందు కీచుమని అరిచి పైకి లేచింది. తాడు బిర్రబిగుసుకుంది. నడుముకు కట్టుకున్న తాడు ఒకవైపు, పలకల్లో ఇరుక్కున్న కాలు మరోవైపు లాగుతుంటే వజ్రబాహుడు బాధతో కేక పెట్టాడు. వకుళమాల ఒక చేత్తో తమ్ముడి నడికట్టు పట్టుకుని, మరో చేత్తో గొడ్డలి ఎత్తి, తమ్ముడి కాలిని పట్టుకున్న పలకను రెండు ముక్కలు చేసింది.

ముగ్గురూ ఒక్కసారిగా ఆకాశంలోకి ఎగిరిపోయారు.

కింద లోయ దారంలా సన్నబడింది. రెండు గట్ల మీదా రెండు సైన్యాలు తలలెత్తి చూస్తున్నాయి. తమ ప్రభువూ శత్రువు ప్రభువూ ఒకే తాటికి, ఒకరి చెయ్యి ఒకరికి కట్టుకుని, మబ్బుల్లోకి పోతున్నారు. ఎవరి మీద కత్తి దూయాలో ఎవరికీ అర్థం కాలేదు. మిట్టమధ్యాహ్నం అయింది. శంఖం పట్టుకున్నవాడు ఊదడం మరిచిపోయాడు.

పైన గాలి చెవుల్లో హోరుమంటోంది. ఇంద్రకేతుడి భుజం నుంచి కారిన నెత్తురు గాలికి పైకి చిమ్మి మణికట్టు కట్టును తడిపేస్తోంది. తడిసిన గుడ్డ మెల్లమెల్లగా సాగుతోంది.

"ముడి జారుతోందిరా వజ్రా" అన్నాడతను.

వజ్రబాహుడు రెండో చేత్తో కూడా అన్న ముంజేతిని ఒడిసిపట్టాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. కళ్ళలో కోపం రవ్వంత కూడా చల్లారలేదు.

"జారనివ్వను. నీతో నా దెబ్బలాట ఇంకా సగం కూడా కాలేదు. అది అయ్యేదాకా చావడానికి వీల్లేదు నీకు!"

ఎదురుగా ధూమగిరి పొగమబ్బులు చీల్చుకుని నల్లగా లేచింది. కొండకొమ్మున రాతి దవడలు తెరుచుకున్నాయి. లోపల ఎర్రని వెలుగు. రాబందు రెక్కలు ముడిచి రాయిలా ఆ నోట్లోకి దూకింది.

"కాళ్ళు ముడవండి!" అని వకుళమాల అరిచింది. ముగ్గురి వెనకా రాతి దవడలు దభేలున మూసుకున్నాయి.